షేవింగ్ బ్రష్ పిడి, మూడో పాఠం: గుంత ముందు, నడుము తర్వాత

రెండో పాఠం ముగిసేసరికి మన దగ్గర 40 మిల్లీమీటర్ల మందం, 80 మిల్లీమీటర్ల పొడవుతో గుండ్రంగా తయారైన నల్లతుమ్మ చేవ ముక్క ఉంది. దాని ఒక కొసన, ముక్కను లేత్‌కు బిగించే చక్ దవడలు పట్టుకోవడానికి చిన్న మెట్టు కూడా దించుకున్నాం. ఇవాళ రెండో కొసన కుచ్చు (బ్రష్ వెంట్రుకల కట్ట) కూర్చునే గుంత తొలిచి, ఆ తర్వాత పిడికి రూపం తెద్దాం. ఈ వరసను మాత్రం తారుమారు చేయొద్దు.

లేత్ ముందు నిలబడగానే ఎవరికైనా ముందు వంపులు తీయాలనే అనిపిస్తుంది. నేనూ మొదటి పిడిని అలాగే మొదలుపెట్టాను. నడుము సన్నగా, పైభాగం మొగ్గలా చక్కగా వచ్చింది. చివరగా కుచ్చు కోసం గుంత తొలుస్తుంటే బిట్ నడుములోంచి బయటికి వచ్చేసింది. రెండు గంటల పని ఒక్క క్షణంలో పోయింది. పిడి అంటే కుచ్చు చుట్టూ కట్టే గోడ అని ఆ రోజు తెలిసింది. లోపల ఎంత చోటు కావాలో తేలాకే బయట ఎంత చెక్కొచ్చో తేలుతుంది.

అందుకే ముందు కుచ్చును కొలవండి. ప్యాకెట్ మీద 24 మిల్లీమీటర్లని రాసి ఉన్నా నమ్మకుండా, జిగురుతో గట్టిపడ్డ మొదలు భాగాన్ని వెర్నియర్‌తో రెండు మూడు చోట్ల పట్టి చూడండి. అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండటం మామూలే. హార్డ్‌వేర్ షాపుల్లో 25 మిల్లీమీటర్ల ఫోర్‌స్ట్‌నర్ బిట్ (చదునైన అడుగుతో గుంత తొలిచేది) తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి, దానికి సరిపోయే 24 కుచ్చు తీసుకుంటే పని సుళువు. చుట్టూ మిగిలే ఆ కాస్త సందు ఎపాక్సీ జిగురుకు కావాలి. కుచ్చు బిగుతుగా దిగితే జిగురు మొత్తం పైకి తన్నుకొచ్చి వెంట్రుకల్లోకి పాకుతుంది.

ఇక లోతు. నా దగ్గరున్న సింథటిక్ కుచ్చు మొత్తం ఎత్తు 65 మిల్లీమీటర్లు. పిడి పైన 52 కనబడాలనుకుంటే గుంత లోతు 13. కుచ్చును ఇంకాస్త లోపలికి దించితే బ్రష్ బిరుసుగా నిలబడి నురుగు గట్టిగా రుద్దుతుంది, పైకి ఉంచితే మెత్తగా వాలిపోతుంది. గడ్డం ముతకగా ఉన్నవాళ్లకు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ దించడమే మంచిదని నా అభిప్రాయం. ఒక్కటి గుర్తుంచుకోండి, మొదలు భాగం మాత్రమే దాగితే చాలదు, అలాగని వెంట్రుకలు సగం మునిగిపోనూ కూడదు.

ఇప్పుడు తొలుద్దాం. కొసను ఉలితో చదును చేసి, సరిగ్గా మధ్యలో చిన్న గుంట పెట్టండి. లేకపోతే బిట్ మొన పక్కకు జారుతుంది. టెయిల్‌స్టాక్‌లో (లేత్ మీద చక్‌కు ఎదురుగా ముందుకూ వెనక్కూ జరిగే భాగం) డ్రిల్ చక్ బిగించి, టెయిల్‌స్టాక్‌ను బెడ్‌కు గట్టిగా లాక్ చేయండి. వేగం నిమిషానికి 500 చుట్లు దాటనివ్వొద్దు. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతూ, నాలుగైదు మిల్లీమీటర్లు దిగగానే బిట్‌ను వెనక్కి లాగి పొట్టు దులపండి. తుమ్మ చేవ గట్టిది, త్వరగా వేడెక్కుతుంది. మాడు వాసన వచ్చిందంటే ఆపాల్సిందే. ఆ వేడికి గుంత అంచున వెంట్రుకవాసి చీలిక పడితే, తర్వాత రోజూ తగిలే నీళ్లకు అది పెద్దదవుతుంది.

లోతును బిట్ అంచు నుంచి లెక్కపెట్టాలి. మధ్యలో ఉన్న మొన ఇంకో మూడు మిల్లీమీటర్లు కిందికి పోయి ఉంటుంది. అంటే 13 తొలిచామనుకున్న చోట నిజానికి 16 దాకా ఖాళీ ఉంది.

గుంత అయ్యాక పనికిరాని చెక్కతో దానికి సరిపోయే బిరడా ఒకటి చేసుకోండి. దాన్ని గుంతలో పెట్టి, టెయిల్‌స్టాక్ లైవ్ సెంటర్‌ను (ముక్కతో పాటే తిరిగే మొన) బిరడాకు ఆనించండి. కొందరు కోన్ సెంటర్‌ను నేరుగా గుంత అంచుకే ఆనిస్తారు, నేను మాత్రం వద్దంటాను. ఆ ఒత్తిడికి అంచు విచ్చుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు పెన్సిల్ తీసుకోండి. లేత్‌ను ఆపి చేత్తో తిప్పుతూ, గుంత అంచు నుంచి 16 మిల్లీమీటర్ల దగ్గర బయట చుట్టూ ఒక గీత, 20 దగ్గర ఇంకొకటి, 55 దగ్గర మూడోది గీయండి. మొదటి గీత లోపలి ఖాళీకి అడుగు. రెండో గీత దాకా మందం 34 కంటే తగ్గకూడదు, పై అంచును గుండ్రం చేసే చోట మాత్రం 31 దాకా దించొచ్చు. నడుము రెండో గీత తర్వాతే మొదలవ్వాలి. మూడోది పిడి అడుగు. పని చేస్తుంటే గీతలు చెరిగిపోతాయి, మళ్లీ మళ్లీ గీసుకోండి.

ముఖానికి షీల్డ్ పెట్టుకోండి, చేతికి గ్లౌజులు వద్దు, పొడుగు చేతుల చొక్కా మడవండి. స్విచ్ వేసే ముందు ముక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌కు తగలడం లేదని చూడండి. వేగం 1500 చాలు. గౌజ్ (గాడి ఉలి) వీపును ముందు చెక్కకు ఆనించి, దాని పిడిని మెల్లగా పైకెత్తితే అంచు తనంతట తానే కోత పట్టుకుంటుంది. కోత ఎప్పుడూ లావు నుంచి సన్నానికి, వాలు వెంబడి సాగాలి. నడుముకు అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి దిగి వంపు లోతులో కలవండి. ఎదురెక్కితే పోగులు లేచిపోతాయి. పదునున్న ఉలికి పొట్టు రిబ్బన్‌లా చుట్టలు చుట్టుకుని పడుతుంది. దుమ్ములా రాలుతోందంటే సానపట్టే వేళైంది.

నడుము 22 మిల్లీమీటర్లు, అడుగు 36. అంకెలు ఇచ్చాను గానీ చివరి మాట మీ వేళ్లదే. లేత్ ఆపి, చెయ్యి కాస్త తడిచేసుకుని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో నడుమును పట్టి చూడండి. సబ్బు చేత్తో పట్టినా జారకూడదు, అలాగని నొక్కి పట్టాల్సిన అవసరమూ రాకూడదు. ఈ ఒక్క పరీక్షకు నేను పది నిమిషాలైనా పెడతాను.

తర్వాత టూల్ రెస్ట్ పక్కకు తీసేసి, వేగం తగ్గించి, ఉప్పు కాగితం 120 నుంచి 180, 240, 320, 400 వరకు వరసగా. నంబర్లు దాటేయొద్దు.

ఇక్కడ లక్క సంగతి చెప్పాలి. లక్క బొమ్మలకు పేరున్న ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పని అంటే నాకు ప్రాణం. ఒక పిడికి అలాగే లక్క వేశాను, రెండు నెలల్లో తెల్లబారి జిగటగా తయారైంది. లక్క వేడికి మెత్తబడుతుంది, క్షారంలో కరుగుతుంది. షేవింగ్ సబ్బు క్షారమే, నీళ్లేమో వేడివి. బొమ్మకు బంగారంలాంటి పూత బాత్రూమ్‌లో నిలవదు. మనకు కావాల్సింది ఎపాక్సీ పూతో, మెరైన్ వార్నిషో. అది నాలుగో పాఠం.

చివరగా అడుగున ఉలిని కొంచెం లోపలికి వాల్చి కోయండి. అడుగు మధ్యలో పల్లెంలా కాస్త లోతుంటేనే పిడి అద్దం ముందు ఊగకుండా నిలబడుతుంది. నాలుగు మిల్లీమీటర్ల కాడ మిగిలినప్పుడు లేత్ ఆపేసి, చిన్న రంపంతో కోయండి. పొట్టంతా ఊడ్చి, బిరడాను గుంతలోనే ఉంచి, ఫ్యాన్ గాలి తగలని చోట పెట్టండి. వచ్చే పాఠానికి ఎపాక్సీ, స్పిరిట్, పాత కాటన్ గుడ్డ సిద్ధంగా ఉంచుకోండి.