బ్రిటన్‌లో పేరెంటల్ ఆర్డర్: డొమిసైల్ దగ్గర జాగ్రత్త

సరోగసీతో పుట్టిన బిడ్డకు బ్రిటన్ చట్టం దృష్టిలో తల్లి మోసి కన్నావిడే, బిడ్డ ఏ దేశంలో పుట్టినా సరే. కాలిఫోర్నియా బర్త్ సర్టిఫికెట్‌లో ఇద్దరు నాన్నల పేర్లూ ఉన్నాయని ధీమాగా ఉండిపోకండి. ఇక్కడ మీరు తల్లిదండ్రులు కావాలంటే కోర్టు పేరెంటల్ ఆర్డర్ ఇవ్వాలి.

2010 ఏప్రిల్ నుంచి స్వలింగ జంటలూ అర్హులే, పెళ్లి కాకున్నా స్థిరంగా కలిసి ఉంటే చాలు. ఇద్దరికీ 18 ఏళ్లు నిండాలి. ఒకరి అండమో వీర్యమో వాడి ఉండాలి. బిడ్డ మీ దగ్గరే ఉండాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో సి51 ఫారం నింపి, బిడ్డ పుట్టిన 6 నెలల్లోపు ఫ్యామిలీ కోర్టులో వేయాలి. సరోగేట్ (బిడ్డను కన్నావిడ) సమ్మతికి ఏ101ఏ ఫారం ఉంది. కాన్పయ్యాక 6 వారాలు నిండకముందు చేసిన సంతకం చెల్లదు.

మనవాళ్లు తడబడేది డొమిసైల్ దగ్గర. ఇద్దరిలో ఒకరికైనా బ్రిటన్ డొమిసైల్ ఉండాలి. ఆ మాట వినగానే మీసేవలో తెచ్చుకునే నివాస ధ్రువపత్రం గుర్తొస్తుంది. అలాంటి కాగితం ఇక్కడ ఏ ఆఫీసూ ఇవ్వదు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే వాళ్ల నంబరు బ్లాక్ చేయండి.

డొమిసైల్ అంటే మీ శాశ్వత నివాసం ఏ దేశమన్నది. గుంటూరులో పుట్టి ఉద్యోగానికి వచ్చినవాళ్లకు మామూలుగా అది ఇండియాయే. ఇక్కడే ఉండిపోవాలన్న నిశ్చయంతో ఉంటేనే మారుతుంది. పదేళ్లు గడిచినా, పాస్‌పోర్టు మారినా దానంతటది మారదు. అలాగని వీసా మీద ఉన్నవాళ్లకు దారి మూసుకుపోలేదు. జడ్జి చూసేది మీ జీవితం మొత్తాన్ని.

అందుకే కోర్టుకిచ్చే స్టేట్‌మెంట్ తీరిగ్గా రాయండి: ఎప్పుడొచ్చారు, ఎందుకు ఉండిపోయారు, ఇల్లూ ఉద్యోగం ఎక్కడ, ఇండియాలో ఇంకా ఏమున్నాయి. ఊళ్లో పొలం ఉంటే దాచకండి, దానివల్లే దరఖాస్తు పోదు. ‘రిటైరయ్యాక ఊరికెళ్లిపోతాం’ అనడం మనకు అలవాటు. నిజంగా ఆ ఉద్దేశమే ఉంటే ముందే లాయరుతో మాట్లాడండి. చాలామంది రాయడం మరిచిపోయే కారణం ఒకటుంది. 2023 అక్టోబరులో మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేదు. 2021 సరోగసీ చట్టంలోనూ ఈ జంటలకు చోటు లేదు. అక్కడ కుటుంబంగా బతకలేమనే ఇక్కడ ఉండిపోయుంటే, అదే మాట సూటిగా రాయండి.

తర్వాత కోర్టు నియమించిన రిపోర్టర్ (పత్రికావాళ్లు కాదు, కోర్టుకు నివేదిక ఇచ్చేవాళ్లు) మిమ్మల్నీ బిడ్డనూ కలుస్తారు. టెన్షన్ అక్కర్లేదు, చూసేది బిడ్డ క్షేమమే. సరోగేట్‌కు ఖర్చులకు మించి ఇచ్చిన డబ్బుకు కోర్టు ఆమోదం కావాలి కాబట్టి రసీదులు పారేయకండి.

6 నెలలు దాటిపోయాయా? అయినా వేయండి. రెండేళ్లు దాటాక వచ్చిన దరఖాస్తును కూడా 2014లో ఇక్కడి హైకోర్టు స్వీకరించింది.