కంప్యూటర్ రిపేరు నేర్చుకుందాం – మూడో పాఠం: బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు

రెండో పాఠం చివర ఒక పని చెప్పాను. క్యాబినెట్ పక్క రేకు విప్పి, మదర్‌బోర్డు మీద ఏ భాగం ఎక్కడుందో చూసి, కాగితం మీద బొమ్మ గీసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఇవాళ దానితో పని ఉంది.

అందరినీ ఎక్కువ కంగారు పెట్టే సమస్యతోనే మొదలుపెడదాం. రాత్రి దాకా బాగానే పనిచేసిన కంప్యూటర్ పొద్దున బటన్ నొక్కితే రాదు. వెంటనే "పవర్ సప్లై కొట్టేసింది" అనో "బోర్డు పోయింది" అనో ఒక మాట అనేసుకుని, ఆ భాగం మార్చేస్తారు చాలామంది. అది కాకపోతే ఇంకొకటి మారుస్తారు. ఇది చీకట్లో రాయి వేయడమే. "కంప్యూటర్ రావడం లేదు" అన్న మాటలో మనకు పనికొచ్చే సమాచారం ఏమీ లేదు. అది ఎంత దూరం వచ్చి ఎక్కడ ఆగిపోయింది? ఈ పాఠం మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నొక్కిన క్షణంలో లోపల ఏం జరుగుతుంది

ఎక్కడ ఆగిందో తెలియాలంటే ముందు దారి తెలియాలి. పాతకాలపు ఏటీ క్యాబినెట్లలో ముందున్న స్విచ్ నేరుగా కరెంటునే ఆపేది, వదిలేది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో అది మారిపోయింది. ఇప్పుడు మనం నొక్కే బటన్ ఒక కబురు మాత్రమే. ఆ కబురు అందుకోవడానికి బోర్డు కాస్త మెలకువగా ఉండాలి కదా. అందుకే గోడ ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆపేసి ఉన్నా సరే, పవర్ సప్లై నుంచి ఊదా రంగు వైరు మీద 5 వోల్టులు బోర్డుకు వస్తూనే ఉంటాయి. దీన్ని స్టాండ్‌బై కరెంటు అంటారు. ఏ భాగమైనా ముట్టుకునే ముందు ప్లగ్గు పీకి తీరాలని మొదటి పాఠంలో అన్నిసార్లు చెప్పింది ఇందుకే.

బటన్ నొక్కగానే బోర్డు ఆకుపచ్చ వైరును భూమికి, అంటే నల్ల వైరుకు, కలుపుతుంది. "ఇక మొదలుపెట్టు" అని పవర్ సప్లైకి అదే సంకేతం. అది 12, 5, 3.3 వోల్టుల లైన్లు లేపి, అన్నీ నిలకడగా ఉన్నాయని చూసుకున్నాక బూడిద రంగు వైరు మీద "పవర్ గుడ్" అనే సంకేతం పంపుతుంది. ఇందుకు పట్టేది 100 నుంచి 500 మిల్లీసెకన్లు. ఆ సంకేతం వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను కదలనివ్వదు. వచ్చాక ప్రాసెసర్ లేచి బయోస్‌లోని, అంటే బోర్డులోనే దాచి ఉంచిన ప్రోగ్రాములోని, మొదటి ఆదేశాలు చదువుతుంది, ర్యామ్ (తాత్కాలిక జ్ఞాపకం) పరీక్షిస్తుంది, గ్రాఫిక్స్‌ను లేపుతుంది, చివరికి డిస్కు వెతుక్కుంటుంది. ఈ పరీక్షనే పోస్ట్ అంటారు.

మీ కంప్యూటర్ ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోయింది. బయట నుంచి చూస్తే అది మూడు రకాలుగా కనిపిస్తుంది: అసలు చలనం లేకపోవడం, ఫ్యాన్లు ఒక్కసారి కదిలి ఆగిపోవడం, ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోవడం.

అసలు చలనం లేకపోతే

సులువైనవాటితో మొదలుపెట్టండి. అదే ప్లగ్గులో వేరే దీపం పెట్టి చూడండి. పవర్ సప్లై వెనక చిన్న స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందా? క్యాబినెట్ తుడిచినప్పుడు చేయి తగిలి ఆఫ్ అయిన సందర్భాలు ఎన్నో చూశాను. వెనక గుచ్చే కేబుల్‌ను గట్టిగా లోపలికి నొక్కండి. వీలైతే మానిటర్‌కు కరెంటు ఇచ్చే కేబుల్‌తో మార్చి చూడండి, సాధారణంగా రెండూ ఒకే రకంవి.

ఇప్పుడు లోపలికి చూడండి. చాలా బోర్డుల మీద స్టాండ్‌బై కరెంటు వస్తుంటే ఒక చిన్న దీపం వెలుగుతుంది. అది వెలుగుతోందంటే పవర్ సప్లైలో కనీసం ఒక భాగం బతికే ఉంది, కాబట్టి ముందు బటన్‌ను అనుమానించాలి. బటన్ నుంచి వచ్చే రెండు సన్న వైర్లు బోర్డు కింది అంచున ఉన్న పిన్నుల గుత్తిలో దిగుతాయి. ఏ రెండు పిన్నులో బోర్డు పుస్తకంలో ఉంటుంది, బోర్డు మీద కూడా చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ప్లగ్గు పీకి, ఆ వైర్ల తొడుగు లాగేయండి. మళ్లీ ప్లగ్గు పెట్టి, స్క్రూడ్రైవర్ మొనను ఆ రెండు పిన్నులకూ ఒకేసారి తగిలేలా ఒక్క క్షణం ఆనించి తీసేయండి. చేయి వణికితే మణికట్టు క్యాబినెట్ అంచుకు ఆన్చుకోండి. పక్క పిన్నులకు తగలకపోతే చాలు. అక్కడ ఉండేది అతి తక్కువ వోల్టేజీ, షాకు కొట్టదు. ఫ్యాన్లు తిరిగాయా? తప్పంతా బటన్‌దే. రీసెట్ బటన్ ఉంటే దాని వైరు తెచ్చి ఈ పిన్నులకు తగిలించండి, పని నడిచిపోతుంది.

తిరగకపోతే, లేదా ఆ చిన్న దీపమే వెలగకపోతే, పవర్ సప్లైని విడిగా పరీక్షించాలి. ప్లగ్గు పీకి, బోర్డులోని 24 పిన్నుల పెద్ద కనెక్టరుతో పాటు మిగతా భాగాలకు వెళ్లే వైర్లన్నీ ఊడదీయండి. ఆ పెద్ద కనెక్టర్లో ఒక్కటే ఆకుపచ్చ వైరు ఉంటుంది. దాని రంధ్రాన్నీ, ఏదైనా ఒక నల్ల వైరు రంధ్రాన్నీ వంచిన పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు ప్లగ్గు పెట్టండి. ఇందాక బోర్డు చేయాల్సిన పనినే మనం చేతితో చేస్తున్నాం. కొన్నిటిలో వైర్లన్నీ నలుపే ఉంటాయి. వాటికి పుస్తకంలోని బొమ్మ చూసి 16వ పిన్ను పట్టుకోవాలి, ఊహతో గుచ్చకూడదు.

పవర్ సప్లై ఫ్యాను తిరిగితే అది లేచినట్టు. అంతమాత్రాన బాగుందని కాదు. చేతిలో వోల్టులు కొలిచే మల్టీమీటరు ఉంటే డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ముల్లు నల్ల వైరుకు, ఎర్ర ముల్లు ఒక్కో రంగు వైరుకు ఆనించండి. పసుపు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య, నారింజ మీద 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. ఈ హద్దు దాటితే ఆ పవర్ సప్లైని పక్కన పెట్టేయండి. హద్దులోనే ఉన్నా, ఇది బరువు మోయకుండా, అంటే ఏ భాగానికీ కరెంటు ఇవ్వకుండా చేసిన పరీక్ష అని గుర్తుంచుకోండి. బోర్డు, గ్రాఫిక్స్ కార్డు లాగేటప్పుడు కుంగిపోయే పవర్ సప్లై కూడా ఇక్కడ పాసవుతుంది. ఇంకొక సంగతి, కొన్ని కొత్త పవర్ సప్లైల ఫ్యాను తక్కువ బరువులో తిరగదు. అది తిరగలేదని చచ్చిందనుకోకండి, మీటరు మాటే నమ్మండి.

ఒక్క విషయం మాత్రం కచ్చితంగా చెప్తున్నాను. పవర్ సప్లై డబ్బాను విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లు ప్రాణం తీసేంత చార్జిని పట్టి ఉంచగలవు. మీరు ఎంత నేర్చుకున్నా ఆ నాలుగు స్క్రూల జోలికి పోకండి.

ఒక్కసారి కదిలి ఆగిపోతే

ఇది నాకు బాగా గుర్తుండిపోయిన రకం. ఒక మిత్రుడి క్యాబినెట్లో కొత్త బోర్డు బిగించాను. బటన్ నొక్కితే ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగేది. ర్యామ్ మార్చాను, వేరే పవర్ సప్లై తెచ్చి పెట్టాను. రెండు సాయంత్రాలు పోయాయి. చివరికి బోర్డును పూర్తిగా బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్, పవర్ సప్లై మాత్రం తగిలించాను. నొక్కగానే లేచింది. మళ్లీ క్యాబినెట్లో పెడితే మళ్లీ అదే ఆగడం. అప్పుడు టార్చి వేసి రేకు వైపు చూశాను. బోర్డును రేకుకు ఎత్తుగా నిలబెట్టే ఇత్తడి స్టాండాఫ్‌లలో ఒకటి పాత బోర్డు కొలతకు బిగించింది. కొత్త బోర్డులో ఆ చోట రంధ్రం లేదు. దాని తల బోర్డు అడుగున టంకం చుక్కలను తాకుతోంది. షార్టు తగలగానే పవర్ సప్లై తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. దాన్ని విప్పి తీసేశాక ఆ కంప్యూటర్ మళ్లీ మొరాయించలేదు.

కదిలి ఆగిపోతోందంటే ఎక్కడో షార్టు ఉందనో, పవర్ సప్లై బరువు మోయలేకపోతోందనో ముందుగా అనుమానించాలి. బోర్డును బయట అట్ట మీద పెట్టి, అవసరమైన నాలుగు భాగాలతోనే లేపి చూడటం ఇక్కడ అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. బోర్డుతో వచ్చే వెండిరంగు కవరు మీద మాత్రం పెట్టకండి, ఆ కవరు గుండా కరెంటు పారే అవకాశం ఉంది. బయట లేస్తే ఒక్కో భాగం కలుపుతూ పోండి. ఏది కలిపాక ఆగిందో అదే దోషి.

ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు

ఎక్కువ మంది దగ్గర కనిపించేది ఇదే. ముందు ఇది చూడండి: కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా? అలా అవుతుంటే కంప్యూటర్ చాలావరకూ లేచిందన్నమాట, చూపించడంలోనే లోపం. విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే ఉండాలి. చాలామంది అలవాటుగా బోర్డు వెనకున్న పోర్టులో గుచ్చి ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు. తెర మీద టార్చి ఏటవాలుగా వేయండి. మసకగా అక్షరాలు కనిపిస్తే మానిటర్లోని వెనక దీపం పోయింది, కంప్యూటర్ది ఏ తప్పూ లేదు.

దీపం స్పందించకపోతే ప్రాసెసర్‌కు విడిగా వచ్చే 4 లేదా 8 పిన్నుల వైరు చూడండి. అది ఊడి ఉన్నా ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతాయి, చూసేవాళ్లు మోసపోతారు. అది సరిగ్గానే ఉంటే ఇక ర్యామ్ దగ్గరికి రండి.

నేను చేసే పద్ధతి ఇది. ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఓ ఐదు సెకన్లు నొక్కి పట్టి మిగిలిన చార్జి పోనిచ్చి, ఒక చేత్తో క్యాబినెట్ రేకు తాకి, ర్యామ్ మొత్తం బయటికి తీసేస్తాను. ర్యామ్ లేకుండానే కంప్యూటర్ ఆన్ చేస్తాను. బోర్డుకు స్పీకరు ఉండి అది బీప్ కొడితే, లేదా బోర్డు మీద ర్యామ్ పేరు పక్కన చిన్న దీపం వెలిగితే నాకు సంతోషం. ఎందుకంటే ర్యామ్ లేదని చెప్పాలంటే ప్రాసెసర్ లేవాలి, బయోస్ చదవాలి. అలా చెప్పిందంటే పవర్ సప్లై, బోర్డు, ప్రాసెసర్ మూడూ చాలావరకూ బాగున్నట్టే. బీప్‌ల లెక్క ఒక్కో బయోస్‌కు ఒక్కోలా ఉంటుంది, అర్థం మీ బోర్డు పుస్తకంలోనే చూసుకోండి. స్పీకరు, దీపాలు ఉండి కూడా ఏ ఫిర్యాదూ రాకపోతే అనుమానం బోర్డు, ప్రాసెసర్ల మీదికి వెళ్తుంది.

తర్వాత ర్యామ్ ముక్కను అంచులతో పట్టుకుని బంగారు రంగు గీతలు వెలుతురులో చూడండి. మసకబారి ఉంటే మెత్తటి తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొట్టును మెత్తటి కుంచెతో పూర్తిగా దులపండి. స్లాటులోని గాడి, ముక్కలోని కోత ఎదురెదురుగా వచ్చేలా నిలబెట్టి, రెండు చివరలా బొటనవేళ్లతో సమానంగా నొక్కండి. కొక్కెం దానంతటదే "టక్"మని మూసుకోవాలి. చేత్తో మూయాల్సి వస్తోందంటే ముక్క ఇంకా పూర్తిగా దిగలేదు. ఒక్క ముక్కే పెట్టండి. ఎక్కువ బోర్డుల్లో దానికి సరైన చోటు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు. రాకపోతే అదే ముక్కను వేరే స్లాటులో, తర్వాత రెండో ముక్కను మొదటి స్లాటులో. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. రెండు ఒకేసారి మార్చి కంప్యూటర్ లేస్తే, ఏది పట్టిందో మీకు ఎప్పటికీ తెలియదు.

కొత్తగా డీడీఆర్5 ర్యామ్ పెట్టినవాళ్లకు ఒక మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌ను అలవాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. తెర నల్లగా ఉందని మధ్యలో ఆపేసేవాళ్లు ఆ పని మళ్లీ మొదటికి తెస్తున్నారు. టెన్షన్ పడకుండా ఓ పది నిమిషాలు వదిలేయండి.

ర్యామ్ వల్ల కాకపోతే బయోస్ సెట్టింగులు చెరిపి చూడండి. ప్లగ్గు పీకి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలాగి పెట్టండి. సాధారణంగా ఆ బిళ్ల సీఆర్2032 రకం, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. రోజూ గడియారం వెనక్కి పోతుంటే ఈ బిళ్లే మార్చాలి.

ఈ వారం చేయాల్సిన పని

బాగా పనిచేస్తున్న మీ కంప్యూటర్లోనే, ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి ఒకసారి ఆన్ చేయండి. ఎన్ని బీప్‌లు, ఏ దీపం, ఫ్యాన్లు ఎలా తిరిగాయో గీసుకున్న కాగితం మీదే రాయండి. మళ్లీ ప్లగ్గు పీకి ర్యామ్ పెట్టి, ప్రాసెసర్ వైరు ఒక్కటీ ఊడదీసి చూడండి. అదీ రాయండి. నాలుగో పాఠంలో పనిచేస్తూ పనిచేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయే కంప్యూటర్ సంగతి చూద్దాం. అక్కడ వేడితో పని పడుతుంది, ప్రాసెసర్ ఫ్యాను విప్పడానికి సిద్ధంగా ఉండండి.