బిజినెస్ పుస్తకాలు చదువుతున్నా పని జరగట్లేదా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

బిజినెస్ చేసేవాళ్ళు ఏం చదవాలి అని అడిగితే చాలామంది ఓ పది పేర్ల లిస్టు పంపేస్తారు, అదే లిస్టు అందరికీ. మొదటి కస్టమరే దొరకనివాడికీ అదే, వంద మంది స్టాఫ్‌తో సతమతమయ్యేవాడికీ అదే. జ్వరమా కాలు నొప్పా అని అడక్కుండా మందు రాసిచ్చినట్టు ఉంటుంది. అందుకే ముందు మీకు ఇప్పుడు ఎక్కడ ఇబ్బందిగా ఉందో చూసుకోండి, ఆ సమస్య కిందకే వెళ్ళి చదవండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు, తొందరేం లేదు.

సమస్య: ఐడియా సూపర్ అంటున్నారు అందరూ, కొనేవాడు మాత్రం లేడు

చాలాసార్లు ఇక్కడ తప్పు మీరు అడిగిన ప్రశ్నలో ఉంటుంది. "ఇలాంటి యాప్ వస్తే వాడతారా?" అంటే ఎవరైనా మొహమాటానికి తప్పకుండా వాడతాం అనే అంటారు, అది విని మీరు ఇంటికొచ్చి కోడ్ రాయడం మొదలుపెడతారు. రాబ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 2013లో తెచ్చిన 'ది మామ్ టెస్ట్' మొత్తం దీని మీదే. కన్నతల్లి కూడా మనసు నొప్పించకూడదని అబద్ధం చెప్తుంది కాబట్టి, ఆమె కూడా అబద్ధం చెప్పలేనట్టు ప్రశ్న అడగమంటాడు. అంటే మీ ఐడియా ఊసెత్తకుండా వాళ్ళు ఇప్పటిదాకా ఏం చేశారో అడగాలి.

ఉదాహరణకి స్టాక్ లెక్కలు చూసే యాప్ అనుకోండి. షాపు ఓనరు "అబ్బో స్టాక్ లెక్క పెద్ద తలనొప్పండీ" అన్నాడు. అక్కడ ఎగిరి గంతెయ్యకుండా, చివరిసారి లెక్క ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు, ఎంతసేపు పట్టింది, దీనికోసం ఇంతకుముందు ఏమైనా కొన్నారా, పోనీ వెతికారా అని అడగండి. "నోట్‌బుక్‌లో రాసుకుంటాం, అరగంటలో అయిపోతుంది, ఏం వెతకలేదు" అన్నాడంటే ఆయనకి అది తలనొప్పి కాదు, మాటవరసకి అన్నాడంతే. అదే "మూడు సాఫ్ట్‌వేర్లు కొని పక్కన పడేశాను" అంటే కుర్చీ దగ్గరకి లాక్కోండి. పొగడ్తని లెక్కలోకి తీసుకోకండి, వాళ్ళు డబ్బో టైమో పరిచయాలో ఏదో ఒకటి ఖర్చు పెట్టడానికి ఒప్పుకుంటేనే అది నిజమైన ఇంట్రెస్ట్.

ఎరిక్ రీస్ 'ది లీన్ స్టార్టప్' (2011) దీని తర్వాత చదివితే బాగా ఎక్కుతుంది. ఐఎమ్‌వీయూ అనే తన కంపెనీలో 6 నెలలు కూర్చుని ప్రోడక్ట్ కట్టాక దాన్ని ఫ్రీగా కూడా డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళు లేకపోవడం గురించి దాచుకోకుండా రాశాడు. కాకపోతే ముందు చిన్న వెర్షన్ వదిలి జనం ఏమంటారో చూడమనే ఈ పుస్తకం పేరు చెప్పి చెత్త వెర్షన్ జనం మీదకి వదిలేవాళ్ళు ఎక్కువైపోయారు, అది పుస్తకం తప్పు కాదులెండి.

సమస్య: లెక్కల్లో లాభం ఉంది, జీతాల రోజు అకౌంట్‌లో డబ్బు లేదు

లాభం, చేతిలో క్యాష్ రెండూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చే గొడవ ఇది. మీరు సరుకు కొన్న 30 రోజుల్లో సప్లయర్‌కి కట్టాలి, మీ కస్టమర్ మాత్రం 90 రోజులకి ఇస్తాడు. మధ్యలో 60 రోజులు ఆ డబ్బు మీరే ఎక్కడినుంచో తేవాలి. సేల్స్ డబుల్ అయితే ఆ తేవాల్సింది కూడా డబుల్ అవుతుంది, అందుకే బాగా పెరుగుతున్న కంపెనీలే ఒక్కోసారి ఊపిరాడక ఆగిపోతాయి.

కేరెన్ బెర్మన్, జో నైట్ కలిసి రాసిన 'ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్' (2006)లో లాభం వేరు, క్యాష్ వేరు అనే భాగం చదవండి, అకౌంట్స్ రానివాళ్ళకి అర్థమయ్యేలా ఉంటుంది. లెక్కలంటేనే నిద్రొస్తుంది అనేవాళ్ళు నైకీ పెట్టిన ఫిల్ నైట్ 'షూ డాగ్' (2016) పట్టుకోండి. 1962 నుంచి 1980లో షేర్లు మార్కెట్‌కి వచ్చేదాకా జరిగిన కథ, సేల్స్ ఏటేటా దూసుకెళ్తుంటే బ్యాంకు మాత్రం చేతిలో క్యాష్ ఏదీ అని పీక మీద కూర్చుంటుంది, 1975లో చెక్కులు బౌన్స్ అయ్యి బ్యాంకు వెళ్ళగొట్టేస్తే నిషో అనే జపాన్ ట్రేడింగ్ కంపెనీ బాకీ కట్టి ఒడ్డున పడేసింది. చదివాక చేయాల్సింది చిన్న పనే, మీకు రావాల్సిన బాకీలన్నీ ఎన్నాళ్ళ పాతవో వరసగా రాసి వారం వారం చూడటం, అన్నిటికన్నా పాతదానికి ఆ రోజే ఫోన్ చేయడం.

సమస్య: నేను లేకపోతే ఆఫీసులో ఏ పనీ కదలదు

దీనికి కారణం ఒకటి కాదు, అందుకే అందరూ ఇక్కడ తప్పు పుస్తకం కొంటారు. ముందు ఒక వారం పాటు మీ టైం ఎటు పోతోందో రాయండి, గుర్తున్నది కాదు, జరుగుతున్నప్పుడే రాయాలి. పీటర్ డ్రక్కర్ 'ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్' (1967)లో చెప్పింది ఇదే, మన జ్ఞాపకం టైం విషయంలో అస్సలు నమ్మదగింది కాదు.

ఆ కాగితం చూస్తే విషయం తెలుస్తుంది. పనులన్నీ మీ అప్రూవల్ కోసం క్యూలో ఉంటే మీరే ఇరుకు దారి. ఇలియాహు గోల్డ్‌రాట్ 'ది గోల్' (1984) నవలలో ఫ్యాక్టరీ మేనేజర్ పిల్లల్ని హైకింగ్‌కి తీసుకెళ్తాడు, హెర్బీ అనే పిల్లాడు నెమ్మదిగా నడుస్తుంటే లైన్ మొత్తం చెదిరిపోతుంది. హెర్బీని ముందు నిలబెట్టి, వాడి బ్యాగులో బరువు తీసి అందరికీ పంచాక అందరూ కలిసి త్వరగా వెళ్తారు. ముందున్నవాళ్ళు ఎంత స్పీడుగా నడిచినా ఉపయోగం లేదు అన్నమాట. మీ ఆఫీసులో హెర్బీ మీరే అయితే కొత్తగా ఇంకో ఇద్దర్ని ఉద్యోగంలోకి తీసుకుంటే క్యూ ఇంకా పెరుగుతుంది, అంతే. మీ బ్యాగులోంచి ఏం తీసి ఎవరికివ్వాలో చూడండి.

సరే ఇచ్చారు, ఇచ్చిన పనులన్నీ పాడైపోయి మళ్ళీ మీ దగ్గరికే వస్తున్నాయి. ఇప్పుడు కావాల్సింది ఆండీ గ్రోవ్ 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్' (1983), ఆయన ఇంటెల్ నడుపుతూ రాసింది. ఇన్ని పుస్తకాల్లో ఒక్కటే కొనుక్కోమంటే నేను దీన్నే కొనమంటాను. పని అప్పగించి తిరిగి చూడకపోతే దాన్ని వదిలేయడం అంటారు గానీ అప్పగించడం అనరు అంటాడు. మనిషి ఎంత సీనియర్ అని కాకుండా ఆ ఫలానా పనిలో ఎంత అనుభవం ఉంది అని చూడమంటాడు. సేల్స్‌లో దిట్ట అయినవాణ్ణి తీసుకెళ్ళి హైరింగ్‌లో పెడితే, అక్కడ వాడు కొత్తవాడే, ఏం చెయ్యాలో ఎలా చెయ్యాలో దగ్గరుండి చెప్పాలి. అలవాటయ్యాక వెనక్కి తగ్గాలి. ఒన్ ఆన్ ఒన్ మీటింగ్, అంటే బాసూ కింద పనిచేసేవాడూ ఇద్దరే కూర్చుని మాట్లాడుకునేదాని గురించిన భాగం కూడా వదలొద్దు, ఎజెండా బాస్ కాకుండా కింద పనిచేసేవాళ్ళే తెచ్చుకోవాలి అంటాడు, ఇది మన బాసులకి మింగుడుపడటం కొంచెం కష్టం.

సమస్య: పెద్ద కంపెనీలు చేసినట్టే చేశా, నాకు పనిచేయలేదు

గెలిచినవాళ్ళ కథలే చదివితే ఇలాగే ఉంటుంది, అదే పని చేసి మునిగిపోయినవాళ్ళ గురించి ఎవరూ పుస్తకం రాయలేదు కాబట్టి మీకు కనపడలేదు. జిమ్ కాలిన్స్ 'గుడ్ టు గ్రేట్' (2001) కోసం 1,435 కంపెనీలు జల్లెడ పట్టి, మామూలు స్థాయి నుంచి గొప్పగా ఎదిగినవి 11 అని తేల్చారు. వాటిల్లో ఎలక్ట్రానిక్స్ షాపుల కంపెనీ సర్క్యూట్ సిటీ 2008లో దివాలా తీసింది, అదే ఏడాది ఇంటి లోన్ల కంపెనీ ఫ్యానీ మేని అమెరికా ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. పుస్తకం పనికిరాదని కాదు, ఫార్ములాలా వాడొద్దు.

ఒక గెలుపు కథకి ఒక ఓటమి కథ కలిపి చదవండి. జాన్ కెరీరూ 'బ్యాడ్ బ్లడ్' (2018) థెరనోస్ అనే రక్తపరీక్షల కంపెనీ ఎలా కూలిందో చెప్తుంది, మీటింగ్‌లో అనుమానం అడిగినవాళ్ళకి ఏమైందో గమనిస్తూ చదవండి, మీ ఆఫీసు గుర్తొస్తే జాగ్రత్తపడండి. ఇంకోటి, వారెన్ బఫెట్ తన కంపెనీ బెర్క్‌షైర్ షేర్‌హోల్డర్లకి రాసిన ఉత్తరాలు 1977 నుంచీ ఆ కంపెనీ సైట్‌లో ఫ్రీ. 1993లో డెక్స్‌టర్ షూ అనే కంపెనీని కొనడం తన డీల్స్ అన్నిట్లోకీ చెత్తది అని ఆయనే రాసుకున్నాడు, అలాంటి పేరాలు ఏరుకుని చదివినా చాలు.

సమస్య: టీమ్ అందరికీ పుస్తకం కొనిచ్చా, ఒక్కరూ తెరవలేదు

వాళ్ళ ఇబ్బంది వేరే ఉంది, మీరిచ్చింది మీ ఇబ్బందికి మందు. పైగా మీరు ఏ పుస్తకం చదివినా తర్వాతి సోమవారం ఆఫీసులో కొత్త రూల్ పెడుతుంటే, వాళ్ళు మీ చేతిలో పుస్తకం చూసే భయపడుతుంటారు. పుస్తకం మొత్తం ఇవ్వకండి, ఒకే చాప్టర్ ఇవ్వండి, చదవడానికి ఆఫీసు టైంలోనే ఓ గంట ఇవ్వండి, తర్వాత మన దగ్గర ఇది ఎక్కడ వర్తించదు అని ముందు వాళ్ళనే అడగండి. మార్చాలనుకుంటే ఒక్క విషయం మార్చి కనీసం మూడు నెలలు కదపకుండా ఉంచండి, ఈలోపు ఇంకో పుస్తకం చదివినా సరే, నోరు మెదపొద్దు.