ఇంగ్లీషు బోధన, భాషాశాస్త్ర రంగాల్లో అధ్యాపకులు కావడం ఎలా?

ఇంగ్లీషు అధ్యాపకులనగానే షేక్‌స్పియర్ నాటకాలు చెప్పేవారే చాలామందికి గుర్తుకొస్తారు. తెలుగు మాట్లాడే విద్యార్థికి ఇంగ్లీషు రెండో భాషగా ఎలా పట్టుబడుతుంది, ఎక్కడ తడబాటు వస్తుంది, దానికి కారణమేమిటి అన్న ప్రశ్నలతో నడిచే చదువు మాత్రం సాహిత్యానికి ఆనుకొని ఉన్నా వేరుగా ఎదిగింది. ఈ చదువుకు మన దగ్గర కొదవ లేదు. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో విదేశీ భాషలను కూడా కలుపుకొని సీఫెల్‌గా మారి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఈ రంగానికి దేశంలోనే పెద్ద కేంద్రం. ఈ వృత్తిలోకి రాదలచినవారు డిగ్రీ చివరి ఏడాది నుంచే ఏ క్రమంలో సిద్ధం కావాలో ఇక్కడ వివరిస్తాను.

మొదట ఎంఏ ఎంపిక

ముందున్నవి మూడు దారులు: ఎంఏ ఇంగ్లీషు, ఇంగ్లీషు బోధనలో ప్రత్యేకమైన ఎంఏ, ఎంఏ భాషాశాస్త్రం. ఇఫ్లూలో ఈ మూడు రకాల చదువులూ ఉన్నాయి. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉన్నాయి. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలోనూ భాషాశాస్త్రం చదవవచ్చు.

ఇక్కడ తొందరపడితే తరువాత ఇబ్బంది పడవలసి వస్తుంది. డిగ్రీ కళాశాలల్లోను, ఇంజనీరింగు కళాశాలల్లోను వెలువడే ఉద్యోగ ప్రకటనల్లో చాలావరకు ఎంఏ ఇంగ్లీషు అనే రాసి ఉంటుంది. భాషాశాస్త్రంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవారి దరఖాస్తును కూడా సంబంధిత సబ్జెక్టు కాదన్న కారణంతో పక్కన పెట్టే అవకాశం ఉంటుంది. అందువల్ల తరగతి గదిలో ఇంగ్లీషు చెప్పడమే ప్రధాన లక్ష్యమైతే ఎంఏ ఇంగ్లీషు చేసి, ఆపైన బోధనలో పీజీ డిప్లొమా గాని, భాషా బోధనలో పిహెచ్‌డి గాని చేయడం క్షేమమని నా అభిప్రాయం. ధ్వనులు, వ్యాకరణ నిర్మాణం, భాషల చరిత్ర మీదే మనసు ఉన్నవారు మాత్రం పోస్టులు తక్కువన్న సంగతి తెలిసి మరీ ఎంఏ భాషాశాస్త్రంలో చేరాలి. ఏ దారిలో వెళ్లినా పీజీలో 55 శాతం మార్కులు తప్పనిసరి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయరు కాని ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది.

విద్యార్థుల భాషను గమనించడం నేర్చుకోవాలి

ఈ అడుగును చాలామంది దాటవేస్తారు. పుస్తకాల్లోని సిద్ధాంతాలను బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కవచ్చు గాని, ఎదుట కూర్చున్న విద్యార్థి నోటి నుంచి వచ్చే వాక్యాన్ని విడదీసి చూడలేకపోతే బోధనా సాగదు, పరిశోధనా సాగదు.

ఇంటర్ గాని, డిగ్రీ మొదటి సంవత్సరం గాని చదువుతున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థుల అనుమతి తీసుకొని, వారు తమ ఊరి గురించి ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఫోనులో రికార్డు చేయండి. తరువాత తీరిగ్గా, సవరణలేమీ చేయకుండా, విన్నది విన్నట్టు రాయండి. ‘ఎగ్’ అన్న మాట ‘యెగ్’ అని, ‘ఓన్లీ’ అన్నది ‘వోన్లీ’ అని వినిపిస్తే అలాగే రాయాలి. తెలుగులో పదాది ఎకార ఒకారాల ముందు యకార వకారాల ఛాయ సహజంగా పలుకుతుంది కనుక ఇది యాదృచ్ఛికం కాదు. ‘ఐ టోల్డ్ టు హిమ్’ అన్న వాక్యం వెనుక ‘అతనికి చెప్పాను’ అన్నది ఉంది. ‘కి’ విభక్తి ‘టు’గా మారి అక్కడ కూర్చుంది. ‘యెస్టర్‌డే ఓన్లీ ఐ కేమ్’ అంటే ‘నిన్ననే వచ్చాను’. నిన్ననేలోని చివరి ఏకారం చేసే పనిని ఇంగ్లీషులో ఎవరికో ఒకరికి అప్పగించాలి గనుక విద్యార్థి ‘ఓన్లీ’కి అప్పగించాడు.

ఇంతవరకు చూసి, పొరపాట్లన్నీ మాతృభాష వల్లనే వస్తాయని తీర్మానించడం చాలా సులువు. అదే రికార్డింగులో ‘హీ గో’, ‘షీ వర్క్’ వంటి వాక్యాలు కూడా దొరుకుతాయి. వీటికి తెలుగును తప్పుపట్టడానికి వీల్లేదు. తెలుగు క్రియ ‘వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు’ అంటూ కర్తను బట్టి చివరిదాకా మారుతూనే ఉంటుంది. ఇంత అలవాటున్నవారు ఇంగ్లీషులో ఒక్క ‘ఎస్’ను ఎందుకు వదిలేస్తారు? వేర్వేరు మాతృభాషల వారు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడూ ఈ ‘ఎస్’ ఆలస్యంగానే పట్టుబడుతుంది. నోరు జారిన తప్పుకు, అభ్యాసకుడి మనసులో ఉన్న నియమం వల్ల పదేపదే వచ్చే దోషానికి తేడా చూపుతూ భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లో రాసిన వ్యాసం, అభ్యాసకుడి భాషకు తనదైన వ్యవస్థ ఉంటుందని లారీ సెలింకర్ 1972లో చేసిన ప్రతిపాదన ఈ రికార్డింగు ముందు పెట్టుకొని చదివితే ఇట్టే అర్థమవుతాయి. మీరు రాసుకున్న దోషాలను ఉచ్చారణ, పద నిర్మాణం, వాక్య నిర్మాణం అని విభజించి, ఒక్కొక్కదానికి ఎదురుగా ‘తెలుగు ప్రభావమా, కాదా, తెలియదా’ అని గుర్తు పెట్టండి. ‘తెలియదా’ కింద చేరినవే ముందుముందు పరిశోధనాంశాలవుతాయి.

నెట్, సెట్ పరీక్షలకు సిద్ధం కావడం

విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కళాశాలల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే యూజీసీ నెట్ (జాతీయ స్థాయి అర్హత పరీక్ష) గాని, రాష్ట్ర స్థాయి సెట్ గాని, నిబంధనల ప్రకారం పొందిన పిహెచ్‌డి గాని ఉండాలి. నెట్ సాధారణంగా ఏడాదికి రెండు సార్లు జరుగుతుంది. మొదటి పేపరులో 50, రెండో పేపరులో 100 ప్రశ్నలు, ప్రశ్నకు రెండు మార్కులు, మొత్తం మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ వదలకూడదు.

ఇంగ్లీషు, భాషాశాస్త్రం వేర్వేరు సబ్జెక్టులు. ఇంగ్లీషు నెట్ సిలబస్‌లోని పది యూనిట్లలో భాషా భావనలు, బోధన, భారతదేశంలో ఇంగ్లీషు వంటివి రెండింటిలోనే ఉంటాయి. మిగిలినదంతా కవిత్వం, నాటకం, నవల, విమర్శ, సిద్ధాంతం, పరిశోధన పద్ధతులు. భాషా బోధనలో ఎంఏ చేసినవారు ఈ సంగతి హాల్‌టికెట్ వచ్చాక గాక, ముందే గమనించి సాహిత్యానికి కనీసం ఏడాది సమయం కేటాయించుకోవాలి. నెట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి పరిశోధన కోసం ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు అందుతాయి గనుక, ముప్పై ఏళ్ల వయోపరిమితి దాటకముందే గట్టిగా ప్రయత్నించడం మంచిది.

పిహెచ్‌డి: గైడు, అంశం

2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పిహెచ్‌డికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది, కోర్సువర్కు తప్పదు. ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శకత్వం వహించరాదు. కాబట్టి పేరున్న గైడు కోసం ఎదురుచూసే ముందు, వారి దగ్గర ఖాళీ ఉందో లేదో, వారి విద్యార్థులు ఎన్నేళ్లలో సిద్ధాంత గ్రంథం సమర్పిస్తున్నారో అక్కడి పరిశోధకులనే అడిగి తెలుసుకోండి.

అంశం చిన్నదై ఉండాలి. ‘తెలంగాణలో ఇంగ్లీషు బోధన: సమస్యలు, పరిష్కారాలు’ అన్న శీర్షికతో ఇప్పటికే అల్మారాలు నిండాయి. దాని బదులు, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థులు ఇంగ్లీషు ఆర్టికల్స్‌ను ఎక్కడ వదులుతారు, ఎక్కడ అనవసరంగా పెడతారు అన్న ఒక్క ప్రశ్నకు రాతల నుంచీ మాటల నుంచీ సమాధానం రాబట్టితే అది పనికొచ్చే పరిశోధన. మన తరగతి గదుల నుంచే ప్రపంచానికి చేరిన ఉదాహరణ కూడా ఒకటుంది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో వ్యాకరణ పాఠాన్ని నేరుగా చెప్పకుండా, రైళ్ల టైంటేబుల్, పటాలు వంటివి ముందుంచి పిల్లల చేత లెక్కలు తేల్చించేవారు. టాస్కుల ఆధారంగా భాష నేర్పే పద్ధతిని చర్చించేవారు నేటికీ ఆ ప్రాజెక్టును ప్రస్తావిస్తారు. భాషాశాస్త్రం వైపు వెళ్లేవారికి భద్రిరాజు కృష్ణమూర్తి కృషి తెలిసి ఉండాలి. ఉస్మానియాలో ఆ శాఖను నిలబెట్టి, తెలుగు క్రియాధాతువుల మీద 1961లో వెలువరించిన గ్రంథంతో ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనానికి బలమైన ఆధారం సమకూర్చారు.

పత్రాల ప్రచురణ గురించి ఒక హెచ్చరిక చేయాలి. డబ్బు కడితే వారంలో అచ్చు వేస్తామని మెయిల్ పంపే జర్నళ్లకు దూరంగా ఉండండి. పిహెచ్‌డి సమర్పణకు ముందు పత్రం ప్రచురించాలన్న నియమాన్ని యూజీసీ 2022లోనే తొలగించింది. నాణ్యమైన జర్నళ్లను గుర్తించే కేర్ జాబితాను కూడా 2025లో నిలిపివేసింది. అందువల్ల ఏది మంచి జర్నల్ అన్నది ఇప్పుడు మీరూ మీ గైడూ తేల్చుకోవలసిన విషయం. 1969 నుంచి ఉన్న ఇంగ్లీషు అధ్యాపకుల సంఘం ఎల్టాయ్, 1928లో ఏర్పడిన లింగ్విస్టిక్ సొసైటీ ఆఫ్ ఇండియా సదస్సుల్లో ముందు పత్రం చదివి, వచ్చిన విమర్శతో దిద్దుకొని పంపితే తిరస్కరణలు తగ్గుతాయి.

ఉద్యోగం, డెమో

జేఎన్టీయూ అనుబంధ ఇంజనీరింగు కళాశాలల్లో మొదటి ఏడాది ఇంగ్లీషుతోపాటు కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబు ఉంటుంది గనుక మన ప్రాంతంలో చాలామందికి తొలి ఉద్యోగం అక్కడే దొరుకుతుంది. చేరేముందు విశ్వవిద్యాలయ ర్యాటిఫికేషన్ (మీ నియామకానికి ఆమోదం) చేయిస్తారా, జీతం స్కేలు ప్రకారమా, కన్సాలిడేటెడా (స్కేలు లేకుండా నెలకింతని ఇచ్చేదా), వారానికి ఎన్ని పీరియడ్లు అన్నవి అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. అడగడానికి మొహమాటపడితే ఆ తరువాత నష్టపోయేది మీరే. ఏడో వేతన సవరణ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. ప్రైవేటు కళాశాలలన్నీ ఇంత ఇస్తాయని అనుకోవద్దు.

ఎంపికప్పుడు చెప్పించే నమూనా పాఠంలో, అంటే డెమోలో, పది పదిహేను నిమిషాలే దొరుకుతాయి. కాలాలన్నీ బోర్డు మీద రాసి వివరించడానికి పూనుకుంటే అక్కడికే గడియారం తిరిగిపోతుంది. పైన చెప్పిన రికార్డింగు నుంచి ఒక వాక్యాన్ని, ఎవరిదో చెప్పకుండా, బోర్డు మీద రాసి, దానిలో ఏమి సరిగ్గా ఉందో ముందు అడిగి, తరువాత దోషం వైపు తిప్పి, ఇద్దరిద్దరి చేత కొత్త వాక్యాలు చెప్పిస్తే మీ పాఠం ఎలా నడుస్తుందో ఎంపిక మండలికి కనిపిస్తుంది.

విదేశాలకు వెళ్లదలచినవారికి రెండు మాటలు చాలు. అమెరికాలో పిహెచ్‌డికి టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజు మినహాయింపుతోపాటు తరగతి అనుభవం కూడా వస్తుంది కాబట్టి, సొంత ఖర్చుతో ఎంఏ టీసాల్ (ఇతర భాషల వారికి ఇంగ్లీషు బోధన) చేయడానికి ముందు ఆ దారి చూడాలి. సెల్టా అన్నది ఇంగ్లీషు బోధనలో సర్టిఫికెట్ ఇచ్చే సుమారు 120 గంటల శిక్షణ. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి మూల్యాంకనం పొందాలి. విదేశీ భాషా సంస్థల్లో దానికి విలువ ఉంది గాని, మన విశ్వవిద్యాలయాల్లో నెట్‌కు గాని, పిహెచ్‌డికి గాని అది ప్రత్యామ్నాయం కాదు.