పరిశోధన పత్రాన్ని పరీక్షించడం – 4వ పాఠం: ఉపసంహరణ ప్రకటనను చదవడం

పత్రం మొదటి పుటలో డీఓఐ సంఖ్యను (ఆ పత్రానికి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్యను) గుర్తించడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఆ పత్రం ఇంకా చెల్లుబాటులో ఉందో, దాన్ని వెనక్కి తీసుకున్నారో ఈ పాఠంలో చూద్దాం.

ఆ సంఖ్యతో, ఉపసంహరించిన పత్రాల వివరాలుండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో వెతకండి. 2023లో డీఓఐ సంఖ్యలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. వైద్య పత్రమైతే, వైద్య పరిశోధన పత్రాలను వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లోనూ చూడండి. ఎప్పుడో ఫోనులో దాచుకున్న పీడీఎఫ్‌ను మాత్రం నమ్మవద్దు. పత్రాన్ని తరువాత ఉపసంహరించినా ఆ సంగతి పాత ప్రతిలో కనిపించదు.

‘ఉపసంహరించారు’ అన్న మాట కనిపించగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు చదవవలసింది దాని వెంట వచ్చే ప్రకటన. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన బ్రిటిష్ వైద్యుడు వేక్‌ఫీల్డ్ పత్రాన్నే తీసుకోండి. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లల వివరాలే. 2004లో సహ రచయితల్లో 10 మంది టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆ అన్వయాన్ని వెనక్కి తీసుకున్నారు. పత్రికైతే పత్రాన్ని ఉపసంహరించడానికి 2010 దాకా ఆగింది. పిల్లలు ఏరి తెచ్చినవారు కాదు, వరుసగా ఆసుపత్రికి వచ్చినవారన్నదీ, పరీక్షలకు నైతిక సంఘం అనుమతి ఉందన్నదీ అబద్ధాలని తేలినట్టు ఆ ప్రకటన చెబుతుంది. అంటే తప్పు లెక్కల్లో దొర్లిన పొరపాటు కాదు, పిల్లలను ఎంచుకున్న తీరులోనే ఉంది. ఈ పన్నెండేళ్లలో ఎందరు తల్లిదండ్రులు భయపడి టీకాలు మాన్పించారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అన్ని ఉపసంహరణలూ మోసాలు కావు. తన లెక్కలో తప్పు తానే పట్టుకుని పత్రాన్ని వెనక్కి తీసుకున్న శాస్త్రవేత్తను గౌరవించాలి. అందుకే ప్రకటనలో రెండు విషయాలు వెతకండి: తప్పు ఎక్కడ జరిగింది, దాన్ని బయటపెట్టింది ఎవరు. ‘సవరణ’ అని ఉంటే పత్రం నిలిచినట్టే. ‘ఆందోళన ప్రకటన’ అని ఉంటే విచారణ సాగుతుండవచ్చు. అది తేలేదాకా ఆ పత్రాన్ని ఆధారంగా చూపవద్దు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఉద్దానం మూత్రపిండాల జబ్బుకు నీటిలోని సిలికా అనీ, పురుగుమందులనీ, ఎండలో పనిచేసేవారి ఒంట్లో నీరు తగ్గడమనీ ఎన్నో అనుమానాలున్నాయి. ఖాయమైన కారణం ఇంకా తేలలేదు. మా వీధిలో ఒక పెద్దాయన ‘పరిశోధనలో తేలింది’ అన్న వాట్సాప్ సందేశం చూసి బీపీ మాత్రలు మానేశారు. ఇప్పుడు డయాలసిస్ కోసం పలాస వెళ్తున్నారు.

అభ్యాసం: ఉద్దానం జబ్బు గురించి మీకు వచ్చిన ఒక సందేశం తీసుకోండి. అందులో చెప్పిన పరిశోధన పత్రం ఏదో కనుక్కుని, డీఓఐతో వెతికి, దొరికినది నోటు పుస్తకంలో రాయండి. వెతికిన తేదీ కూడా పక్కనే వేయండి. ఆరు నెలల తరువాత అదే పత్రాన్ని మళ్లీ చూడాలి.