సగం లోడులో చిల్లర్ ఎక్కువ కరెంటు తింటోందా? ముందు టవర్ నీళ్లు చూడండి

సమస్య: భవనం ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం చిల్లర్. దాని కేటలాగులో ఐపీఎల్‌వీ (వేర్వేరు లోడుల మీద సగటు కరెంటు వాడకం) టన్ను చల్లదనానికి 0.36 కిలోవాట్ అని ఉంది. నెల్లూరులోనో ఒంగోలులోనో భవనం సగం లోడులో నడుస్తుంటే లెక్క 0.55 దాటుతోంది. వెంటనే కంపెనీకి ఫిర్యాదు, సర్వీసు మనిషికి చీవాట్లు. చిల్లర్ తన వేడిని వదిలే భాగం కండెన్సర్, ఆ వేడిని మోసుకెళ్లిన నీళ్లు కూలింగ్ టవర్‌లో చల్లబడి మళ్లీ వస్తాయి. కండెన్సర్‌లోకి వెళ్లే ఈ నీళ్ల ఉష్ణోగ్రత ఎంతో మాత్రం ఎవరూ చూసి ఉండరు. థర్మామీటరు ఆ పైపు మీదే ఉంటుంది!

మొదట లోడు తేల్చుకోండి. ప్యానెల్ మీద కనిపించే 50 శాతం చాలాసార్లు మోటారు కరెంటుది, చల్లదనానిది కాదు. గంటకు ఎన్ని ఘనమీటర్ల చల్లనీళ్లు తిరుగుతున్నాయో చూసి, రాకపోకల ఉష్ణోగ్రతల తేడాతో గుణించి, 3.024తో భాగించండి. 165 ఘనమీటర్లు, 2.75 డిగ్రీల తేడా ఉంటే 150 టన్నులు. కిలోవాట్లను ఆ టన్నులతో భాగించాకే ఫిర్యాదు సంగతి.

లెక్క సరిగ్గానే ఉన్నా తేడా వస్తోందంటే అసలు దొంగ ఇక్కడున్నాడు. ఐపీఎల్‌వీ అనేది అమెరికా ప్రమాణం ఏహెచ్‌ఆర్‌ఐ 550/590 ప్రకారం నాలుగు లోడుల సగటు. పూర్తి లోడుకు 1 శాతం విలువే. 75 శాతం లోడుకు 42, సగానికి 45, పాతికకు 12. లోడు తగ్గేకొద్దీ టవర్ నీళ్లు కూడా చల్లబడతాయని ఆ లెక్క నమ్ముతుంది: పూర్తి లోడులో 29.4 డిగ్రీలు, 75 శాతంలో 23.9, సగంలో 18.3. మన కోస్తాలో టవర్ నుంచి 18.3 డిగ్రీల నీళ్లా? అక్టోబరు, నవంబరు వానల్లో ఎండ తగ్గి లోడు సగానికి పడిపోతుంది, కానీ గాలిలో తేమ తగ్గదు. తడి బల్బు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత, టవర్ నీళ్లు అంతకన్నా చల్లబడవు) 24, 25 దగ్గరే ఆగుతుంది, టవర్ నీళ్లు 28కి అటూ ఇటూ వస్తాయి. కంప్రెసర్ వాయువును ఎంత పైకి నెట్టాలన్నది ఈ నీళ్లే నిర్ణయిస్తాయి. ఒక్కో డిగ్రీకి సుమారు రెండు మూడు శాతం కరెంటు పెరుగుతుంది. పది డిగ్రీలైతే మీరే వేసుకోండి.

ఎన్‌పీఎల్‌వీ (పూర్తి లోడు ఉష్ణోగ్రతను మనమే ఎంచుకుని కట్టించే అలాంటి సగటు) అడిగితే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. సరిపోదు, అందులోనూ సగం లోడు దగ్గర నీళ్లు 18.3కే దిగుతాయి.

పరిష్కారం: కొనేముందు 28, 30 డిగ్రీల స్థిర ఉష్ణోగ్రతల దగ్గర 100, 75, 50, 25 శాతం లోడుల పట్టిక రాతపూర్వకంగా తీసుకోండి. ఇప్పటికే కొన్నవాళ్లు టవర్ ఫ్యాన్ సెట్టింగు చూడండి. 30 దగ్గర పెట్టి వదిలేసిన చోట ఫ్యాను మధ్యలోనే ఆగిపోతుంది, చల్లబడగలిగిన నీళ్లు కూడా చల్లబడవు. తయారీదారు అనుమతించినంత కిందకి దించండి. టవర్ నీళ్లు తడి బల్బు కంటే నాలుగు డిగ్రీలకు మించి వేడిగా ఉంటే నాజిళ్లు, ఫిల్ (టవర్ లోపల నీళ్లు పలచగా పారే పలకలు), ఫ్యాన్ బెల్టు చూడండి. బోరు నీళ్లు వాడేచోట కండెన్సర్ గొట్టాల్లో సున్నపు పొర కూడా చూడాలి.

రెండు చిల్లర్లున్నచోట ఒకటి చాలినప్పుడు రెండోది ఆపండి. ఐపీఎల్‌వీలో పంపుల, టవర్ ఫ్యాన్ల కరెంటు లెక్కే లేదు.

గ్యాసు తక్కువ కావడం, లోపల గాలి చేరడం కూడా కారణాలు కావచ్చు. అలాంటివి ఉంటే సాధారణంగా పూర్తి లోడులోనూ బయటపడతాయి. మీటరు తప్పు మాత్రం ఉష్ణోగ్రతల తేడా తక్కువగా ఉండే సగం లోడులోనే ఎక్కువ కనిపిస్తుంది. సగం లోడులోనే తేడా వస్తుంటే ముందు టవర్ నీళ్లు, మీటర్లు చూశాకే మిగతా వాటి జోలికి పొండి.