8 సెకన్లకే ఆగిపోయే మెలోట్రాన్: నా అనుభవం

విజయనగరంలో మా ఇంటి గదిలోనే ఒక పైడితల్లమ్మ పాట మిక్స్ చేస్తున్నాను. పల్లవి వెనక మెలోట్రాన్ (టేపుతో మోగే పాత కీబోర్డు) ప్లగిన్‌లో, అంటే దాన్ని అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రాంలో, వయొలిన్ల కార్డ్ (ఒకేసారి మోగే మూడు స్వరాలు) పట్టి ఉంచితే, గాయని దీర్ఘం తీస్తుండగానే టక్కున ఆగిపోయేది. బఫర్ పెంచినా, ల్యాప్‌టాప్ మార్చినా అంతే.

కారణం అసలు వాద్యంలోనే ఉంది. 1963లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన మెలోట్రాన్‌లో ఒక్కో మెట్టుకీ ఒక్కో టేపు ముక్క ఉంటుంది. నొక్కితే సుమారు 8 సెకన్లు మోగుతుంది. వదిలితే స్ప్రింగు ఆ టేపును వెనక్కి లాగేస్తుంది. నా ప్లగిన్ ఆ హద్దును కూడా అలాగే ఉంచింది.

లూప్ ఆన్ చేస్తే ఆగకుండా మోగుతుంది గానీ, ఆ ప్రాణం పోతుంది. నాకది నచ్చలేదు. అందుకే టెంపో 72లో (నిమిషానికి 72 బీట్లు) రెండు బార్లకోసారి, అంటే ఎనిమిది బీట్లకు, దాదాపు 6.7 సెకన్లకు, స్వరాలను మళ్లీ కొట్టాను. మూడూ ఒకేసారి వదిలితే మధ్యలో ఖాళీ వినిపిస్తుంది. ముందు పైస్వరం, అది మోగాక మధ్యది, చివర్లో కిందిది మార్చాలి. ప్రతి స్వరం మొదట్లో వచ్చే ఆ చిన్న టేపు వణుకు పాటకు ఎంత అందం తెచ్చిందో!

హార్మోనియంతో శ్రుతి కాస్త కలవకపోతే టేపు వణుకును అదుపు చేసే ఫ్లట్టర్ నాబ్ సగానికి తగ్గించాను. డోలు, సన్నాయి వచ్చే చోట మెలోట్రాన్ పూర్తిగా తీసేశాను.